నేతవాడలో చెదలు: వాటి జీవితం, నివారణ



ప్లాటినం జూబిలీ వంటి శుభ సందర్భంలో చెదపురుగుల ప్రసక్తి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఒక పాఠశాలకు డెబ్భై ఐదేళ్ళు నిండాయంటే దాని బీరువాలలో డెబ్భై ఐదేళ్ళ కాగితం పేరుకొని ఉన్నదని అర్థం. ఆ కాగితంలో అన్నిటికంటె విలువైనది జనరల్ రిజిస్టరు. నైజాము రాజ్యపు తెలంగాణ పల్లెల నుండి మగ్గాన్ని నమ్ముకొని సోలాపూర్ చేరిన కుటుంబాలలో చాలామందికి భూమి లేదు, పట్టా లేదు. తాతగారి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, కులము అక్షరాలలో కనిపించే చోటు తరచుగా ఆ రిజిస్టరు ఒక్కటే. మహారాష్ట్రలో కుల ధ్రువీకరణకు పూర్వికుల పాఠశాల దాఖలా చూపవలసి వస్తుంది. మనుమడికి కళాశాలలో సీటు కావలసిన నాడు తాతగారి పుటను వెదుకుతారు. ఆ పుట స్థానంలో మట్టిపొర, దాని కింద జల్లెడవంటి కాగితం కనిపిస్తే చెదలు తిన్నది కాగితాన్ని మాత్రమే కాదు.

నేత ఇంట్లో ఈ నష్టానికి మరికొన్ని రూపాలున్నాయి. పత్తి నూలులో నూటికి తొంభై పాళ్ళకు పైగా ఉన్నది సెల్యులోజు. చెదలకు ముఖ్యమైన ఆహారం అదే. కర్రలో సెల్యులోజుతోపాటు లిగ్నిన్ అనే గట్టి పదార్థం కలిసి ఉంటుంది. నూలులో ఆ అడ్డు దాదాపు లేదు. దానికి తోడు పడుగుకు పట్టించిన గంజి ఉన్నది. గోడ వారగా నేలమీద పెట్టిన నూలు పేటీ చెదలకు ఎటువంటి విందో చెప్పనక్కరలేదు. ఆ నూలు చాలాచోట్ల నేతగానిది కాదు, షావుకారు అప్పుగా ఇచ్చినది. నూలు షావుకారుదైనా నష్టం మాత్రం నేతగాని లెక్కలో పడుతుంది.

ఇక జేకార్డ్ అట్టల సంగతి. సోలాపూర్ చద్దరుమీద నెమళ్ళు, పువ్వులు, అక్షరాలు తేల్చేది జేకార్డ్ యంత్రం. ఏ దారం లేవాలో, ఏది అణగాలో చెప్పేది రంధ్రాలు పొడిచిన అట్టల దండ. ఎలక్ట్రానిక్ జేకార్డులు వచ్చిన తరువాత ఈ అట్టలు అటకమీదికి చేరాయి. అటకమీది వస్తువును ఎవరూ కదిలించరు. ఎవరూ కదిలించని చోటే చెదలకు నెలవు. అట్టల దండ పోయిందంటే ఒక డిజైను పోయినట్లే. దానిని గీసినవాడు లేకపోతే తిరిగి రాదు.

ఇంతటి నష్టం చేసే ప్రాణి ఎటువంటిది? ఇంగ్లీషువారు దీనిని తెల్ల చీమ అన్నారు. ఆ పేరు పొరపాటు. చీమ తేనెటీగకు, కందిరీగకు చుట్టం. చెద బొద్దింకకు చుట్టం. ఇరవై ఒకటవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో జరిగిన జన్యు పరిశోధనల తరువాత శాస్త్రజ్ఞులు చెదలను బొద్దింకల వర్గంలోనే చేర్చారు. సంఘజీవనం నేర్చిన బొద్దింక అంటే చెదకు సరిపోతుంది. నాగులచవితినాడు పాలుపోసే పుట్టను చీమలు కట్టాయనీ, పాములు చేరాయనీ లోకంలో ఒక మాట ఉన్నది. దక్కను పొలాల్లో కనిపించే అటువంటి మట్టి పుట్టను లేపేది నిజానికి చెదే. తెలుగు భాషకు ఈ సంగతి కొంత తెలిసినట్లే ఉన్నది. వానాకాలంలో పుట్టలమీద మొలిచే గొడుగులను పుట్టగొడుగులు అన్నది ఈ భాషే. ఆ పేరు వెనుక ఉన్న కథ చాలా గొప్పది.

భారతదేశంలో విస్తారంగా కనిపించే ఓడాంటోటెర్మిస్, మైక్రోటెర్మిస్ జాతుల చెదలు రైతులు. వీటి కడుపులో కర్రను పూర్తిగా జీర్ణించుకునే శక్తి తక్కువ. అందుచేత నమిలి తెచ్చిన కర్రను, ఎండుటాకును, కాగితాన్ని భూమి లోపలి గదులలో తేనెపట్టు వంటి ముద్దలుగా పేర్చి, వాటిమీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని పెంచుతాయి. ఆ శిలీంధ్రం లిగ్నిన్‌ను విరిచి, తినదగిన ఆహారంగా మారుస్తుంది. వానలు పడినప్పుడు అదే శిలీంధ్రం భూమిని చీల్చుకొని గొడుగులా పైకి వస్తుంది. మనుషులు సేద్యం మొదలుపెట్టి పదివేల సంవత్సరాలకు అటూ ఇటూ. చెదల సేద్యానికి సుమారు మూడు కోట్ల సంవత్సరాల చరిత్ర కలదని అంచనా.

ఈ బూజు తోటల్ని తొలిగా గమనించి వ్రాసినవారిలో యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ ఒకరు. లిన్నేయస్ శిష్యుడు, తరంగంబాడిలోని డేనిష్ మిషన్‌కు వైద్యుడుగా వచ్చినవాడు. తంజావూరు ప్రాంతపు చెదలమీద ఆయన వ్యాసం 1779లో వెలువడింది. తరువాత కంపెనీ కొలువులో తిరుగుతూ 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. తెలుగు నేలలో కలిసిపోయిన ఆ వైద్యుని పేరు తెలుగు పాఠ్యపుస్తకాలకు ఎక్కకపోవడం విచారకరం.

మరికొన్ని జాతులు వేరొక మార్గం పట్టాయి. వాటి పేగులలో కంటికి కనిపించని ఏకకణ జీవులు కాపురముండి సెల్యులోజును కరిగించి పెడతాయి. ఏ మార్గమైనా చెద ఒంటరిగా బ్రతకలేదు. శిలీంధ్రమో, పేగులోని సూక్ష్మజీవులో తోడు కావాలి.

పుట్టలో రాణి, రాజు, కూలీలు, భటులు ఉంటారు. తేనెటీగలలో మగ ఈగ ఒక్కసారి జతకట్టి చనిపోతుంది. చెదల రాజు అలా కాదు. రాణి పక్కనే, ఒకే గదిలో, ఏళ్ళ తరబడి జీవిస్తాడు. పుట్టలు కట్టే జాతులలో రాణి పొట్ట వేలి పొడవున ఉబ్బి, అది కదలలేక, రోజుకు వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. కూలీలే దానికి తిండి పెడతాయి, శుభ్రం చేస్తాయి, గుడ్లు మోస్తాయి. కూలీలకు చూపు లేదు, రెక్కలు లేవు, ఒంటిమీద గట్టి పెంకు లేదు. ఎండ సోకినా, పొడిగాలి తగిలినా కొద్దిసేపటికే ఎండి చస్తాయి. గోడమీద పాకే మట్టి గొట్టానికి కారణం ఇదే. అది వాటి గొడుగు, తడి నిలుపుకునే సొరంగం. మట్టి రేణువులను ఉమ్మితోను, మలంతోను అతికి నిర్మించినది. దేశాన్ని భయపెట్టే ఈ జీవి నిజానికి ఎండకు భయపడే జీవి. నివారణ ఆలోచించేవారు మొదట పట్టుకోవలసిన సూత్రం ఇది.

మృగశిర కార్తెలో తొలి జల్లులు పడిన సాయంత్రం వీధి దీపాల చుట్టూ రెక్కల పురుగులు ముసురుతాయి. అవే ఉసిళ్ళు. తెలంగాణ పల్లెల్లో వాటిని పట్టి వేయించి తినే అలవాటు ఉన్నది. సోలాపూర్ వచ్చిన మొదటి తరం వారికి ఆ రుచి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఈ ఉసిళ్ళు కాబోయే రాజులు, రాణులు. దీపం దగ్గర రెక్కలు రాల్చి జంటలుగా నేలమీద పాకుతాయి. కాకులు, బల్లులు, చీమలు తినగా మిగిలిన ఏ కొన్ని జంటలో తడి మట్టిలో దూరి కొత్త కాపురం పెడతాయి. మరునాటి ఉదయం గడప దగ్గర రాలిన రెక్కలు చూసి ఇల్లంతా చెదపట్టిందని బెంబేలు పడనక్కరలేదు. అయితే ఆ రెక్కలు ఇంటి లోపలి గోడ పగులు నుండి వస్తున్నట్లయితే మాత్రం ఉపేక్షించరాదు. పుట్ట దగ్గరలోనే, బహుశా నేల కిందనే ఉన్నదని అది సూచన.

సోలాపూర్ పొడి ఊరు. ఎండ మెండు, వాన తక్కువ. ఎండకు బెదిరే చెద ఇక్కడ ఎందుకు వర్ధిల్లుతున్నది? సమాధానం నేతపనిలోనే ఉన్నది. పొడిగాలిలో నూలు తెగుతుంది. తేమ ఉంటే పడుగు సాగుతుంది, నేత సాఫీగా నడుస్తుంది. అందువల్లనే పూర్వులు నేలలో గుంట తీసి మగ్గం వేశారు, మగ్గం చుట్టూ నీళ్ళు చల్లారు, కిటికీలు మూశారు. నేలలో పాతిన గుంజలు, తడి మట్టి, చీకటి, నూలు. నేతగానికి అనుకూలమైన ప్రతి ఏర్పాటూ చెదకు అనుకూలమైనదే. గుంట మగ్గాలు తగ్గి మరమగ్గాలు, అందరి నోటా నలిగే సాంచాలు, వచ్చిన తరువాత గుంజల బెడద తగ్గింది. తేమ అవసరం మాత్రం తగ్గలేదు. కార్ఖానాకు ఆనుకొనే వంటగది, స్నానాల గది, ఒకే గోడ. కారే కుళాయి ఒక్కటున్నా గోడ పునాది ఏడాది పొడవునా తడిగా ఉంటుంది.

పాత ఇళ్ళ కప్పులు మరొక చిక్కు. మరాఠీలో మాళవద్ అనే మట్టి మిద్దెలో దూలాలమీద బద్దలు పరచి, వాటిపై మట్టి దిమ్మిస కొట్టేవారు. ఎండకు చల్లగా ఉండే మంచి కట్టడమే. కాని మట్టి గోడలోపలి నుండే చెద ఎక్కి, మట్టికీ కర్రకూ నడుమ, బయట ఏ గుర్తూ లేకుండా దూలాన్ని తినగలదు. పైకి దూలం నిండుగా కనిపిస్తుంది. వేలి కణుపుతో కొడితే డొల్ల శబ్దం వస్తుంది. టేకు చేవ చాలాకాలం నిలుస్తుంది, దానిలోని సహజ రసాయనాలు చెదకు గిట్టవు. టేకుదే అయినా తెల్లని పైకర్రకు ఆ రక్షణ లేదు.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. కర్రకు చిన్న గుండ్రని రంధ్రాలు పడి, కింద మెత్తని పిండి రాలితే అది చెద పని కాదు. కర్ర తొలిచే పెంకు పురుగు పని. పుస్తకపు అట్టమీద జిగురు గీకినట్లు ఉంటే వెండిరంగు తోకపురుగును అనుమానించాలి. నేలను అంటిపెట్టుకొని బతికే చెదకు గుర్తు మట్టి. మట్టి గొట్టమో, మట్టిపొరో ఉండి తీరుతుంది. గుర్తు తెలియక పెంకు పురుగుకు నేలలో మందు పోయించి డబ్బు పోగొట్టుకోవడం సులభం.

మందుల కథ చెప్పకుండా నివారణ చెప్పడం కుదరదు. ఒకప్పుడు చెద అనగానే గమాక్సిన్ పొడి చల్లడం, ఆల్డ్రిన్ పోయడం ఆచారం. ఆ మందులు ఏళ్ళ తరబడి మట్టిలో చెక్కుచెదరక ఉండేవి. వాటి గొప్ప అదే, దోషమూ అదే. చెదను చంపినట్లే అవి మనుషుల కొవ్వులో, తల్లిపాలలో చేరాయి. భారతదేశంలో ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ 1996లోను, గమాక్సిన్‌గా వాడిన బి.హెచ్.సి. 1997లోను నిషిద్ధమయ్యాయి. తరువాత ఆ స్థానం క్లోర్‌పైరిఫాస్‌కు దక్కింది. అమెరికాలో ఇళ్ళలో దాని వాడకాన్ని 2000 సంవత్సరం నుండి దాదాపు మాన్పించారు. 2025లో స్టాక్‌హోమ్ ఒడంబడిక దేశాలు దానిని, కొన్ని మినహాయింపులతో, నిర్మూలించవలసిన రసాయనాల పట్టికలో చేర్చాయి. ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రొనిల్ వంటివి తరువాతి తరం మందులు. చెద వీటి వాసనను పసిగట్టలేదు. మందు తగిలిన మట్టిలోనే నడిచి, ఒకదానికొకటి అంటించుకుంటాయి.

ఏ మందైనా నేతవాడలో వేరే తూకంతో తూచవలసి ఉన్నది. ఇతరత్రా పని చేసే చోటు వేరు, నిద్రపోయే చోటు వేరు. ఇక్కడ మగవారు సాంచా నడిపే గదిలోనే స్త్రీలు కూర్చొని బీడీలు చుడతారు, పసిపిల్ల నేలమీద పాకుతుంది, రాత్రికి అక్కడే పక్కలు పరుస్తారు. తునికాకు, తంబాకు చాటలో ఉండగా గోడ వారన క్లోర్‌పైరిఫాస్ చల్లితే అది ఎక్కడికి పోతుందో ఆలోచించాలి. అటువంటి మందు విషం సోకినవారికి చెమటలు, నోట చొంగ, వాంతులు, కంటిపాప సూదిమొనంత కావడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తాయి. క్షణం ఆలస్యం చేయక, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి చేర్చాలి. చిల్లరగా కొన్న మందును సోడా సీసాలో పోసి గూట్లో పెట్టడం కంటె చెదలు తిన్న దూలమే మేలు.

మందు పనిచేయవలసిన తీరు కూడా సరిగా తెలియాలి. గోడమీది గొట్టంపై చల్లితే పైకి వచ్చిన కూలీలు చస్తాయి, రాణికి వార్త కూడా చేరదు. భారత ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 6313 అనే నియమావళి ఇందుకు పద్ధతి చెబుతుంది. దాని మొదటి భాగం కట్టడంలోనే తీసుకోవలసిన జాగ్రత్తలకు, రెండవది కట్టేముందు మట్టికి మందుపట్టించడానికి, మూడవది కట్టిన ఇళ్ళకు. మూడవ భాగం ప్రకారం గోడ, నేల కలిసే చోట అడుగుకొకటి చొప్పున రంధ్రాలు వేసి, మందు నీటిని లోపలి మట్టిలోకి ఎక్కించి, రంధ్రాలు మూసివేస్తారు. పునాది చుట్టూ తెంపులేని మందు కంచె ఏర్పడాలి. తెంపు ఎక్కడున్నా ఆ చోటు నుండే చెద వస్తుంది. సోలాపూర్ నల్లరేగడి ఇక్కడ పరీక్ష పెడుతుంది. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. నెర్రె విచ్చిన చోట మందు కంచె కూడా విచ్చుకున్నట్లే. అందుచేత ఒక్కసారి పోయించి పదేళ్ళకు నిశ్చింత అనే హామీని యథాతథంగా నమ్మడం వివేకం కాదు. ఈ పని లైసెన్సు ఉన్నవారిచేత, ఇల్లు ఖాళీ చేసి, బావికీ నీటి తొట్టికీ దూరంగా చేయించవలసినది.

ఎర పద్ధతి మరొకటి. చెదలు నోటినుండి నోటికి ఆహారం పంచుకుంటాయి. ఆ అలవాటును ఆసరా చేసుకొని, పెంకు మార్చుకోనివ్వని మందును సెల్యులోజులో కలిపి నేలలో పెడతారు. కూలీలు తామే తీసుకొనిపోయి అందరికీ పంచుతాయి. మందు పరిమాణం స్వల్పం, ఇంటి నేలమీద చల్లేది లేదు. నెలలు పడుతుంది, ఖర్చు ఎక్కువ, బూజు తోటలు పెంచే జాతులు ఎరను అంత సులభంగా ముట్టవు. అయినా పిల్లలున్న ఇంటికి ఇది ఆలోచించదగిన దారి.

కర్పూరం, నాఫ్తలీన్ గోళీలు, వేపాకు బీరువాలో వేస్తే చెదపట్టదని నమ్మకం. నేల నుండి వచ్చే చెదను అవి ఆపలేవు. వేపనూనె కొంతకాలం దూరంగా ఉంచగలదు గాని, పుట్టను అంతం చేయలేదు. కిరసనాయిలు పోయడం నూలు నిండిన ఇంట్లో నిప్పుతో చెలగాటమే.

మరి నేత ఇంటికి ఖర్చులేని మార్గం ఏది? చెదకు కావలసిన మూడింటిని, తడిని, చీకటిని, మట్టికీ ఆహారానికీ నడుమ వంతెనను, విడగొట్టడం. నూలు పేటీలను నేలమీద గాక ఇనుప కాళ్ళ బల్లమీద, గోడకు జానెడు ఎడంగా పేర్చాలి. ఆ జానెడు ఎడంలో చెయ్యి, టార్చి వెలుతురు దూరాలి. చెద గాలిలో వంతెన కట్టలేకపోదు, కాని కట్టినది కంటబడుతుంది. కర్ర గుంజ నేలను తాకరాదు, రాతి దిమ్మెమీద నిలవాలి. గోడ అడుగు భాగానికి సున్నం తెల్లగా ఉంటే మట్టి గొట్టం దూరానికే తెలుస్తుంది. గోడకానించిన పాత అట్టపెట్టెలు, పొయ్యికట్టెలు తీసివేయాలి. తేమ మగ్గానికి కావాలి, పునాదికి అక్కరలేదు. కారే కుళాయిని బాగుచేయించి, స్నానపు నీరు గోడకు దూరంగా పారేటట్లు చేస్తే సగం మందు పోసినట్లే. రోహిణి కార్తె ఎండలో బట్టలు, పెట్టెలు, జేకార్డ్ అట్టలు బయటవేసే ఆచారం పెద్దలది. దానిని మూఢాచారమని మానుకున్నవారు తిరిగి మొదలుపెట్టడం మంచిది. ఎండ చెదకు మృత్యువు, పైగా ఏడాదికొకసారైనా ప్రతి వస్తువూ కదులుతుంది.

పాఠశాల దస్త్రాల గది విషయంలో కొంచెం ఎక్కువ శ్రద్ధ కావాలి. రిజిస్టర్లు కర్ర బీరువాలో కంటె గోడకు దూరంగా నిలిపిన ఇనుప బీరువాలో ఉండాలి. ఇనుప బీరువా అడుగున తుప్పుతిన్న రంధ్రం ఉంటే అదీ ద్వారమే. ప్రతి పుటకూ చిత్రం తీసి రెండు చోట్ల భద్రపరచడానికి ఈనాడు పెద్ద ఖర్చు లేదు. పై తరగతి పిల్లలే సెలవులలో చేయగలరు. చెదపట్టిన రిజిస్టరు దొరికితే దానిని తగులబెట్టరాదు, దానిపై మందు చల్లరాదు. మందు సిరాను కరిగించవచ్చు, తరువాత ఆ పుటలు తిప్పేవారి చేతులకూ అంటుతుంది. ఆరుబయట కాగితంమీద ఉంచి, మెత్తని కుంచెతో మట్టిని దులిపి, నీడలో ఆరబెట్టి, మిగిలిన అక్షరాలనైనా వెంటనే చిత్రం తీయాలి. సగం పేరు, ఒక తేదీ మిగిలినా మరొక దస్త్రంతో సరిపోల్చవచ్చు.

గోడమీద మట్టి గొట్టం కనిపించినప్పుడు పూర్తిగా తుడిచివేయడం చాలామంది చేసే పని. తుడిస్తే దారి తెలియకుండా పోతుంది. నడుమ రెండంగుళాల మేర మాత్రమే తెంచి, పక్కన పెన్సిలుతో తేదీ వేయాలి. మూడవనాడు చూడాలి. తెంపు అలాగే ఉంటే ఆ దారి పాతది కావచ్చు. అయినా నెలరోజులు చూస్తుండాలి. తడి మట్టితో అతుకు పడి ఉంటే కూలీలు నడుస్తున్నాయన్నమాట. అప్పుడు గొట్టాన్ని కిందికి వెంబడించి, అది నేలలో ఎక్కడ మునిగిందో ఆ చోట గుర్తుపెట్టి, పనివారిని పిలవాలి. మందు ఎక్కించవలసిన చోటు అదే.